నాలుగు ఉత్తరాలు, ఐదుగురు డాక్టర్లు

హెచ్‌ఓడీ గారి గది బయట బెంచీ మీద ముప్పావుగంట కూర్చున్నాక అటెండర్ లోపలికి పొమ్మన్నాడు. సార్ ఫైల్లోంచి తల ఎత్తకుండానే "ఏం కావాలమ్మా?" అన్నారు. అమెరికాలో రెసిడెన్సీకి అప్లై చేస్తున్నాను సార్, ఎల్‌ఓఆర్ కావాలి అన్నాను. రెసిడెన్సీ అంటే మన పీజీ లాంటిది, ఎల్‌ఓఆర్ అంటే సిఫార్సు ఉత్తరం. ఏ బ్యాచ్ అన్నారు, చెప్పాను. పేరేంటన్నారు, చెప్పాను. "సరే, డ్రాఫ్ట్ నువ్వే రాసి పెన్‌డ్రైవ్‌లో పట్రా. సంతకం పెట్టేస్తాను." మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి పండగ చేసుకున్నాను. జిల్లా అంతా పేరున్న ఫిజీషియన్ సంతకం దొరికిందంటే సగం పని అయిపోయినట్టే అనుకున్నా. ఆ సాయంత్రం జూనియర్ల హాస్టల్‌కి వెళ్లి, బ్యాచ్ బ్యాచ్‌కీ చేతులు మారుతూ వస్తున్న డ్రాఫ్ట్ ఒకటి తెచ్చుకున్నాను. సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఒబీడియెంట్. పేరు మార్చాలి, 'హి' ఉన్నచోటల్లా 'షి' పెట్టాలి, అంతే పని. మూడో పేరాలో ఒక 'హి' అలాగే మిగిలిపోయి ఉంది. నాకు ముందు దాన్ని వాడుకున్న అమ్మాయి చూసుకోలేదన్నమాట. ఆమె ఉత్తరం ఆ 'హి'తోనే అమెరికా వెళ్లిపోయి ఉంటుంది.

ఆ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరంలో నేనెక్కడ ఉన్నాను? పేరు ఉన్నచోట తప్ప ఇంకెక్కడా లేను. సార్‌ని అనడానికేం లేదు. ఏడాదికి నూటయాభై మంది బయటికెళ్లే కాలేజీలో, రెండో యూనిట్‌లో పనిచేసిన నేను ఆయనకెలా గుర్తుంటాను? నేను ఆయన దగ్గరికి వెళ్లిందీ ఆయనకి నేను తెలుసని కాదు, ఆయన అందరికీ తెలుసని.

ఇది 2023 ఫిబ్రవరి సంగతి. అమెరికాలో డాక్టరుగా పనిచేయాలంటే రాయాల్సిన లైసెన్సు పరీక్షల్లో మొదటిది, స్టెప్ వన్, నాకప్పటికే అయిపోయింది. 2022 జనవరి 26 నుంచి దానికి మార్కులివ్వడం మానేసి పాస్, ఫెయిల్ చేశారు కదా, నాది ఆ తర్వాతి పరీక్ష. ముందు బ్యాచ్‌ల వాళ్లు 250లూ 260లూ తెచ్చుకుని ఆ అంకె చూపించి నెట్టుకొచ్చారు. మాకు ఆ ఊత పోయింది. స్టెప్ టూ స్కోరు, ఉత్తరాలు, మన గురించి మనం రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంట్, వీటి మీదే బండి నడవాలి.

'సిఫార్సు' అన్న మాటే నన్ను పక్కదారి పట్టించిందని నాకనిపిస్తుంది. మన దగ్గర సిఫార్సు అంటే పలుకుబడి. ఎవరి దగ్గర్నుంచి తెచ్చావన్నదే లెక్క, అందులో ఏముందో ఎవరూ చదవరు. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలున్నా తిరుపతిలో దర్శనం దొరుకుతుంది. అమెరికాలో రెసిడెన్సీకి మనుషుల్ని ఎంచుకునే ప్రోగ్రామ్ డైరెక్టర్ అడిగేది అది కాదు. ఈ అమ్మాయి రోగి దగ్గర ఎలా ఉంటుందో కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమంటున్నాడు. మన భాషలో దాన్ని సాక్ష్యం అంటారు. సాక్షి ఎంత గొప్పవాడైనా సంఘటన జరిగినప్పుడు ఊళ్లో లేకపోతే ఏం లాభం?

మర్నాడు పెన్‌డ్రైవ్ పట్టుకుని హెచ్‌ఓడీ గారి గదికి వెళ్లలేదు. మా యూనిట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడం దగ్గరికి వెళ్లాను.

మేడం అవుట్‌పేషెంట్‌లో ఉన్నారు, చుట్టూ జనం. విషయం చెబితే, "నేను అసిస్టెంట్ ప్రొఫెసర్ని. అక్కడ నా ఉత్తరానికి విలువుంటుందా? సార్‌ని అడగరాదూ?" అన్నారు. మీరే నన్ను చూశారు మేడం అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "ఆ ఆర్గానోఫాస్ఫరస్ కుర్రాడు... ఆ రోజు నీ డ్యూటీ అయిపోయాక కూడా ఎందుకుండిపోయావు?" అన్నారు.

నాకు గుర్తుంది. పురుగుమందు తాగిన ఇరవై ఏళ్ల కుర్రాడు. రాత్రంతా కొన్ని నిమిషాలకోసారి కంటిపాప చూడ్డం, నాడి చూడ్డం, ఊపిరితిత్తులు విని ఇంకా తడి ఉందో లేదో రాయడం, దాన్నిబట్టి విరుగుడు మందు అట్రోపిన్ పెంచడమో తగ్గించడమో. పొద్దున ఎనిమిదింటికి నన్ను విడిపించాల్సిన హౌస్ సర్జన్ పదింటిదాకా రాలేదు. "చార్ట్ అప్పగించడానికి మనిషి లేరు మేడం, అందుకని ఉండిపోయాను" అన్నాను.

"అదే రాస్తాను. కాకపోతే అక్కడివాళ్లకి మన పురుగుమందు కేసుల సంగతి అంతగా తెలియదు. అట్రోపిన్ చార్ట్ నడపడమంటే ఏంటో వాళ్లకి అర్థమయ్యేట్టు చెప్పాలి. వారం టైమివ్వు."

వారం ఇచ్చాను, మూడు వారాలు పట్టింది. అసలు కష్టం ఉత్తరంతో కాదు, లెటర్‌హెడ్‌తో వచ్చింది. డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ కావాలంటే హెచ్‌ఓడీ గారి అనుమతి ఉండాలన్నాడు క్లర్క్. మళ్లీ అదే బెంచీ. సార్ ఈసారి తలెత్తి చూసి "పెన్‌డ్రైవ్ తెస్తానన్న అమ్మాయివి నువ్వేనా?" అన్నారు. నోరు పెగల్లేదు. చివరికి "మేడం రాస్తున్నారు సార్" అన్నాను. సార్ ఒక నవ్వు నవ్వి కాగితం మీద సంతకం పెట్టారు. ఆ నవ్వుకి అర్థం నాకింకా తెలియదు.

ఇక ఉత్తరం పంపే పద్ధతి. అప్లికేషన్ అంతా ఈరాస్ అనే వ్యవస్థలో నడుస్తుంది. రాసేవాళ్ల పేరు మనం అందులో ఎక్కిస్తే ఒక ఫారం వస్తుంది, దాని మీద ఆ ఉత్తరానికంటూ ఒక నంబరుంటుంది. ఆ ఫారం రాసేవాళ్లకి పంపాలి. వాళ్లు పోర్టల్లోకి వెళ్లి స్వయంగా అప్‌లోడ్ చేయాలి, మనం చేయడానికి వీల్లేదు. ఎన్ని ఉత్తరాలైనా తెప్పించుకోవచ్చు గానీ ఒక్కో ప్రోగ్రామ్‌కి నాలుగుకి మించి జతచేయలేం. ఫారం తయారయ్యేముందు ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నావా? వదులుకోవాలి. వదులుకోకపోతే రాసినవాళ్లు మనసులో మాట రాశారని చదివేవాళ్లు నమ్మరు. ఈ మాట ఇంట్లో చెబితే నాన్న, "చదవకుండా ఏ కాగితమూ ఒప్పుకోకూడదని చిన్నప్పట్నుంచీ చెబుతున్నాను కదే" అన్నారు. నాన్న రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు లెండి.

మన దేశం నుంచి ఒక ఉత్తరం చాలు. మిగతావి అమెరికా ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్ల దగ్గర్నుంచి ఉంటే మేలు, ఇంటర్నల్ మెడిసిన్‌కైతే (మన జనరల్ మెడిసిన్) ఆ విభాగం వాళ్లవైతే మంచిది. అక్క పురుడుకి అమ్మతో పాటు 2019లో తీసుకున్న విజిటర్ వీసా ఉండడం నా అదృష్టం. ఏప్రిల్ చివర్లో న్యూజెర్సీలో మా పెద్దమ్మ కూతురింట్లో దిగాను.

అక్కడ ఇంకో అప్లికేషన్ నడుస్తోంది. వాళ్లమ్మాయి అమెరికా పద్ధతిలో మెడికల్ స్కూల్‌కి అప్లై చేస్తోంది. అక్కడ ఇంటర్ కాగానే ఎంబీబీఎస్ ఉండదు కదా, నాలుగేళ్ల డిగ్రీ చదివాకే మెడికల్ స్కూల్. దానికీ ఉత్తరాల గోలే. చాలా స్కూళ్లకి ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్లు, సైన్స్ కాని సబ్జెక్టు చెప్పినవాళ్లు ఒకరు రాయాలి. కొన్ని కాలేజీల్లో కమిటీయే అందరి మాటా కలిపి ఒక ఉత్తరం రాస్తుంది. ఆమ్‌కాస్ అనే వాళ్ల అప్లికేషన్లో పది ఉత్తరాలదాకా పెట్టుకోవచ్చు. రాత్రిళ్లు డైనింగ్ టేబుల్‌కి ఆ కొసన అది, ఈ కొసన నేను, చెరో జాబితా.

దాని జాబితాలో మొదటి పేరు ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఆ సబ్జెక్టులో దానికి బి ప్లస్. వాళ్లమ్మ గొడవ: "'ఏ' గ్రేడొచ్చిన బయాలజీ ఆయన్ని వదిలేసి, బి ప్లస్ ఇచ్చినాయన్ని అడుగుతానంటుందేంటే?" పిల్ల చెప్పిన సమాధానం నేను మర్చిపోను. "బయాలజీ క్లాసులో మూడొందల మందిమి అమ్మా. ఆయనకి నా మొహం కూడా తెలీదు. ఈయన దగ్గరికి ప్రతి బుధవారం వెళ్లి కూర్చునేదాన్ని. మొదటి పరీక్షలో నాకెంత ఘోరంగా వచ్చిందో, బి ప్లస్ దాకా ఎలా లాక్కొచ్చానో ఆయనకే తెలుసు."

ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకి తెలిసిన సంగతి నాకు హెచ్‌ఓడీ గారి బెంచీ మీద అంతసేపు కూర్చున్నా తట్టలేదు. మన హాస్టల్ డ్రాఫ్ట్ చూపిస్తే పగలబడి నవ్వింది. "ఒబీడియెంట్ ఏంటి పిన్నీ, కుక్కపిల్లకి రాశారా?"

మే, జూన్ రెండు నెలలూ రెండు చోట్ల అబ్జర్వర్‌గా ఉన్నాను. అబ్జర్వర్ అంటే పేరుకి తగ్గట్టే చూడ్డమే. రోగిని ముట్టుకోకూడదు, కేస్ షీటులో ఒక్క ముక్క రాయకూడదు. చూస్తూ నిలబడ్డ మనిషి గురించి ఎవరైనా ఏం రాస్తారని దిగులుగానే ఉండేది. మొదటిది డబ్బు కట్టి చేరిన ఒక క్లినిక్. డాక్టరు గారు మంచివారే గానీ రోజుకి ముప్పై మంది రోగులు, నాలాంటి అబ్జర్వర్లు ముగ్గురం. ఆఖరి రోజు "తప్పకుండా రాస్తాను" అని మా ముగ్గురికీ ఒకే మాట, ఒకే షేక్‌హ్యాండ్.

రెండోది పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఆస్పత్రి. అక్కడి అటెండింగ్, అంటే వార్డు బాధ్యత చూసే సీనియర్ డాక్టర్, యాభై దాటిన అమెరికన్ డాక్టరమ్మ. మొదటి వారంలోనే ఉత్తరం మాట ఎత్తాను. ఆమె మొహమాటం లేకుండా, "నువ్వెవరో నాకింకా తెలీదు. మూడో వారంలో అడుగు. రాయదగ్గది కనబడకపోతే అప్పుడూ రాయను" అంది. మనవాళ్లెవరైనా ఇలా అంటే అవమానంగా తీసుకునేదాన్ని. ఆ రోజు కాస్త మనసు చివుక్కుమంది కూడా. ఇప్పుడు ఆలోచిస్తే, రాయనని చెప్పగలిగిన మనిషి రాసిందాన్నే చదివేవాళ్లు నమ్ముతారు.

రెండో వారంలో ఒక రోగి వచ్చింది. అనంతపురం వైపు పెద్దావిడ, కొడుకు దగ్గరికి వచ్చి రెండు నెలలైంది, షుగరుంది, నాలుగు రోజులుగా నీరసం. ఇంగ్లీషు రాదు. ఆస్పత్రి నిబంధన ప్రకారం ఫోన్లో దుబాసీని పెట్టారు. నాకు తెలుగొచ్చినా నేను మధ్యలో దూరకూడదు. పెద్దావిడ "ఒళ్లు వేడి చేసింది నాయనా, మజ్జిగ తాగినా తగ్గలా" అంది. దుబాసీ దాన్ని నాలుగు రోజులుగా జ్వరం అని అనువదించాడు. డాక్టరమ్మ థర్మామీటర్ చూసింది, జ్వరం లేదు. జ్వరం ఎప్పుడొస్తోంది, చలి వస్తోందా అని అడుగుతూ పోయింది. పెద్దావిడ ప్రతిదానికీ "వేడి చేసింది" అనే అంటోంది. కొడుకు తల దించుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

నాకు నాలుక దురద పెడుతోంది. ఆపుకున్నాను. గది బయటికి వచ్చాక, "ఒక మాట చెప్పొచ్చా? మా వైపు వేడి చేయడమంటే జ్వరం కాదు. నోరు పూసినా అదే మాట, మూత్రంలో మంట వచ్చినా అదే మాట. పెద్దవాళ్లు కొడుకు ముందు మంట అని చెప్పుకోలేక ఇలా అంటారు" అన్నాను. డాక్టరమ్మ నాకేసి రెండు క్షణాలు చూసి మళ్లీ లోపలికెళ్లింది. కొడుకుని కాసేపు బయట ఉండమని, దుబాసీ చేత సూటిగా అడిగించింది. పెద్దావిడ నిట్టూర్చి నా వైపు తిరిగి, "అదే కదమ్మా నేను ఇందాకట్నుంచీ చెప్తాండేది" అంది.

మూత్రంలో ఇన్ఫెక్షన్. షుగరున్న మనిషికి ఆ పరీక్ష ఎలాగూ చేసేవారే, నేను కనిపెట్టిన రోగమేం కాదది. నేను లేకపోతే ఓ రెండు గంటలు ఆలస్యమయ్యేదేమో.

మూడో వారం సోమవారం మళ్లీ అడిగాను. ఈసారి న్యూజెర్సీ పిల్ల నేర్పిన వాక్యం: నా గురించి బలమైన ఉత్తరం రాయగలనని మీకనిపిస్తోందా? తెలుగులో ఇలా అడిగితే పెద్దవాళ్లని పరీక్షిస్తున్నట్టుంటుంది. ఆమెకి మాత్రం మామూలు ప్రశ్నే. "రాయగలను. నీ సీవీ, పర్సనల్ స్టేట్‌మెంట్ పంపు. ఇక్కడ చూసిన రోగుల్లో నీకు గుర్తుండిపోయిన ముగ్గురి గురించి పేర్లు లేకుండా తలా నాలుగు వాక్యాలు రాసివ్వు" అంది. పది రోజుల్లో ఉత్తరం పోర్టల్లో కనబడింది. ఆమెతో పాటే రౌండ్స్ చేసే ఇంకో డాక్టర్ని కూడా అడగమంది. ఆయనా రాశాడు.

ఇక డాలస్ అంకుల్ సంగతి. నాన్నతో కలిసి చదువుకున్నాయన, పెద్ద కార్డియాలజిస్టు. "మన అమ్మాయే కదా, నేను రాసేస్తాను. నువ్వు రానక్కర్లేదు, సీవీ పంపు చాలు" అన్నారు. ఎప్పుడో నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక పెళ్లిలో చూశారు నన్ను. వద్దంటే నాన్న మాట పోతుంది, ఒప్పుకుంటే నాలుగు గళ్లలో ఒకటి పోతుంది. నాన్నతో ఫోన్లో రెండు రోజులు వాదించాను. "ఆయన సంతకం చూస్తే ఎవరైనా లేచి నిలబడతారే" అంటారాయన. ఆయన నన్ను ఒక్క రోగి దగ్గరైనా చూశారా నాన్నా అంటాను నేను.

చివరికి పిరికి దారి తొక్కాను. ఎన్ని ఉత్తరాలైనా తెప్పించుకోవచ్చు, జతచేయడం మన ఇష్టం అన్న నిబంధన ఉంది కదా. అంకుల్‌కి ఫారం పంపాను. రెండో రోజే అప్‌లోడ్ చేసేశారు, అందరికంటే ముందు ఆయనే. నేను దాన్ని ఒక్క ప్రోగ్రామ్‌కీ జతచేయలేదు. ఆయనకి ఇప్పటికీ తెలియదు. చూసే హక్కు వదులుకున్నాను కాబట్టి అందులో ఏముందో నాకూ తెలియదు. అద్భుతంగా రాశారేమో కూడా.

ఆగస్టు అయిపోయింది. మేడంది వచ్చింది, ఆస్పత్రివి రెండూ వచ్చాయి. క్లినిక్ డాక్టరు గారిది రాలేదు. మెయిల్ పెట్టాను, వారానికి ఇంకోటి పెట్టాను, ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి చెబుతానంది. నాతో పాటున్న ఇద్దరికీ కూడా రాలేదు. ఆ ఏడాది ప్రోగ్రామ్‌లు అప్లికేషన్లు తెరిచి చూసే రోజు సెప్టెంబర్ 27. ముందు రోజు రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మూడు ఉత్తరాలు, నాలుగో గడి ఖాళీ. పక్కనే అంకుల్ ఉత్తరం సిద్ధంగా ఉంది, ఒక్క నొక్కు నొక్కితే చాలు. నాన్న గొంతు చెవిలో వినబడుతూనే ఉంది. నొక్కలేదని గొప్పగా చెప్పుకోవాలని ఉంది గానీ, మూడుసార్లు జతచేసి మూడుసార్లు తీసేశాను. చాలా ప్రోగ్రామ్‌లు అడిగేది మూడే. ఖాళీగానే పంపేశాను. పంపాక కూడా ఖాళీ గడిలో ఉత్తరం చేర్చే వీలుంటుంది. క్లినిక్ ఉత్తరం నవంబర్ మధ్యలో వచ్చింది, దాన్ని అప్పుడు చేర్చాను. అప్పటికి నాకు రావాల్సిన ఇంటర్వ్యూ పిలుపుల్లో చాలావరకు వచ్చేశాయి.

ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్లోనే. డిసెంబర్లో ఒకటి అమెరికా తూర్పు తీరంలో పొద్దున ఎనిమిదింటికి, మనకి సాయంత్రం ఆరున్నర. పైన బ్లేజరు, కింద పంజాబీ డ్రెస్ ప్యాంటు, కరెంటు పోతే ఇన్వర్టరు ఆగుతుందో లేదోనని నాన్న బయట కాపలా. ప్రోగ్రామ్ డైరెక్టర్ నా స్కోర్లు అడగలేదు. కాగితాలు తిప్పుతూ ఆగి, "మీ డాక్టర్ ఒకరు ఒక సంగతి రాశారు. గదిలో మాట్లాడకుండా ఆగి, బయటికొచ్చాక చెప్పావట. ఈ 'వేడి' ఏంటో నాకు కాస్త వివరిస్తావా?" అన్నాడు.

మజ్జిగ, సబ్జా గింజలు, కొడుకు ముందు మంట అనలేని తల్లులు, అన్నీ చెప్పాను. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో సగం అదే. ఆయన మధ్యలో ఇంకో మాటన్నాడు: "ఇండియా నుంచి వచ్చిన ఉత్తరంలో ఒక చార్ట్ గురించి ఉంది, అది మాకు కొత్త. అదీ చెప్పు." కంటిపాప, నాడి, అట్రోపిన్. చెబుతుంటే మేడం అవుట్‌పేషెంట్ గదిలో జనం మధ్య నిలబడ్డ రోజు గుర్తొచ్చింది.

2024 మార్చిలో మ్యాచ్ అయింది, అంటే సీటు ఖాయమైంది, ఆ ప్రోగ్రామ్‌లోనే. న్యూజెర్సీ పిల్లకీ సీటొచ్చింది. ఆర్గానిక్ ప్రొఫెసర్‌కి వాళ్లమ్మ పూతరేకులు పంపింది, ఆ రేకుల్ని ఒలిచి తినాలేమో అనుకున్నాడట ఆయన.

నేను రెండో ఏడులోకి వచ్చాక ఒకరోజు రాత్రి డ్యూటీలో ఉండగా మేడం నుంచి వాట్సాప్ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల అవుట్‌పేషెంట్ గోల, ఎవరో ఏడుస్తున్న పిల్లాడు. "నీ జూనియరమ్మా, మంచి పిల్ల, దానికి రాశాను. అంతా అయింది గానీ ఆ పోర్టల్లో నంబరు కొట్టాక ఫైలు ఎక్కడ ఎక్కించాలో మర్చిపోయాను. మళ్లీ ఒకసారి చెబుదూ."